ఎంజైమ్ చచ్చిందనుకునే ముందు

చిరంజీవి అమ్మాయికి పెదనాన్న ఆశీస్సులు.

నువ్వేదో ‘ఈ-టూ’ తెప్పిస్తున్నావని మీ నాన్న ఫోన్లో చెప్పాడు. అంటే కణంలో ప్రోటీన్లకు యుబిక్విటిన్ అనే చిన్న ప్రోటీన్‌ను తగిలించే ఈ1, ఈ2, ఈ3 ఎంజైముల వరసలో రెండోది. యూబీఈ2డీ1 అన్న పూర్తి పేరు ఆయన నోరు తిరక్క నిన్నే అడిగి తెలుసుకోమన్నాడు.

పార్సిల్ శుక్రవారం తిరుపతి చేరేలా మాత్రం ఆర్డర్ పెట్టకు. డ్రై ఐస్ పెట్టె గేటు దాకా వచ్చి, సంతకం పెట్టేవాళ్లు లేక సోమవారం దాకా పడి ఉంటే ఇక అంతే సంగతులు. బ్రహ్మోత్సవాల వారమైతే చెప్పనే అక్కర్లేదు. పెట్టె విప్పగానే డ్రై ఐస్ ఎంత మిగిలిందో ఫోటో తీసుకో. ఎంజైమును మొదటిసారి ఐసు మీద కరిగించినప్పుడే, ఒక్కో ప్రయోగానికి సరిపడా చిన్న ట్యూబుల్లోకి పంచి మైనస్ 80 డిగ్రీల ఫ్రీజర్లో పెట్టెయ్. మాటిమాటికీ కరిగించి గడ్డకట్టిస్తే దానికి పడదు.

ఇక అసలు సంగతి. 147 అమైనో ఆమ్లాల ఆ ప్రోటీన్లో పని చేసేది 85వ స్థానంలోని సిస్టీన్. ఈ1 ఏటీపీ (కణానికి శక్తినిచ్చే అణువు) ఖర్చు చేసి సిద్ధం చేసిన యుబిక్విటిన్‌ను అది థయోఎస్టర్ అనే గంధకపు బంధంతో అందుకుంటుంది. నిల్వ బఫర్లో కొద్దిగా డీటీటీ అనే రసాయనం ఉంటే ఆ సిస్టీన్ ఆక్సీకరణ చెందకుండా ఉంటుంది. అదే డీటీటీ, ప్రోటీన్లను బరువు ప్రకారం బ్యాండ్లుగా విడదీసే జెల్‌లో వేసేముందు కలిపే లోడింగ్ డైలో ఉంటే బంధం తెగి, నువ్వు చూడాల్సిన బ్యాండే మాయమవుతుంది. ల్యాబులో డై సీసా ఒకటే ఉంటుంది, అందరూ దాంట్లోంచే తీస్తారు. బ్యాండ్ కనబడక, ఎంజైమ్ చచ్చిందని కంపెనీ మీద విరుచుకుపడతారు! డీటీటీ, దాని లాంటిదే అయిన మెర్కాప్టోఇథనాల్ రెండూ లేని డై విడిగా కలుపుకొని, మూత మీద పెద్దక్షరాలతో రాసుకో. శాంపిల్‌ను మరిగించకు.

యుబిక్విటిన్‌ను ఏ ప్రోటీన్‌కు అంటించాలో ఎంచే నీ ఈ3 జోలికి వెళ్లకముందే ఈ పరీక్ష చెయ్యి. ఈ1, ఈ2, యుబిక్విటిన్, మెగ్నీషియం, ఏటీపీ కలిపి 30 డిగ్రీల దగ్గర కొద్ది నిమిషాలు ఉంచు. యుబిక్విటిన్ బరువు ఎనిమిదిన్నర కిలోడాల్టన్లు గదా, 17 దగ్గరుండే ఈ2 బ్యాండ్‌కు తోడు 25 దగ్గర్లో ఇంకొకటి రావాలి. పక్క లేన్లో అదే శాంపిల్ డీటీటీతో వెయ్యి, మరో లేన్లో ఏటీపీ లేనిది. డీటీటీ వేసినా పై బ్యాండ్ పోలేదంటే అది థయోఎస్టర్ కాదు. ఎక్కువసేపు ఉంచితే యుబిక్విటిన్ ఈ2 లైసిన్ల మీదే అంటుకుపోతుంది.

ఇంకొకటి, మీ గైడ్‌తో కూడా మాట్లాడు. మనిషిలో ఈ2లు దాదాపు 40 రకాలు. నీది అందరితో కలిసిపోయే రకం, ఎన్నో ఈ3లతో పని చేస్తుంది. ట్యూబులో నీ ఈ3తో పని చేసిందని కణంలో కూడా ఆ రెంటిదే జత అని థీసిస్‌లో రాసెయ్యకు. యూబీఈ2ఎల్3 అనే ఇంకో ఈ2 అయితే దీనికి పూర్తిగా వేరు. హెక్ట్, ఆర్‌బీఆర్ రకం ఈ3లతోనే దానికి పొసగుతుంది. దాని పక్కన మామూలు రింగ్ రకం ఈ3 పెట్టి పని చేయలేదని టెన్షన్ పడి లాభం లేదు.

మీ ఫ్రీజర్‌కు జనరేటర్ లైను ఉందో లేదో ఈ వారమే కనుక్కో. మొదటి జెల్ ఫోటో, బరువుల కొలత చూపే మార్కర్ లేన్ కత్తిరించకుండా వాట్సాప్‌లో పంపు.

మీ పెదనాన్న