ఫెలోషిప్ చేతికొచ్చాకే చేరు

చిరంజీవి లావణ్యకు, బెంగళూరు నుంచి పెద్దమ్మ ఆశీస్సులు.

నీ మెసేజ్ రాత్రి చదివాను. ఇక్కడెవరో గైడుగారు "స్టైపెండ్ సంగతి తర్వాత చూద్దాం, ముందు పీహెచ్‌డీకి రిజిస్ట్రేషన్ చేయించుకోమ్మా" అన్నారనీ, అనంతపురం కాలేజీలో లైబ్రరీ ఉద్యోగం మానేసి వచ్చెయ్యనా అనీ అడిగావు. వద్దు. ఫోన్లో చెబితే నువ్వు నన్ను పూర్తిగా మాట్లాడనివ్వవు, అందుకే రాస్తున్నాను.

నా పీహెచ్‌డీ ఎలా సాగిందో మీ అమ్మకు తెలుసు, నీకు తెలియదు. ఉద్యోగం చేసుకుంటూ, ఒక్క రూపాయి ఫెలోషిప్ లేకుండా తొమ్మిదేళ్ళు ఈడ్చాను. ఐదో ఏట గైడుగారు రిటైరయ్యారు. తర్వాత వచ్చినాయన నా సినాప్సిస్ (థీసిస్‌కు ముందు ఇచ్చే ప్రణాళిక) అటూ ఇటూ తిప్పి, టైటిల్ మార్చమన్నారు. అప్పటిదాకా కాలేజీలన్నీ తిరిగి నింపించుకొచ్చిన నాలుగు వందల క్వశ్చనేర్లు మంచం కింద అట్టపెట్టెలో ఉండిపోయాయి. వెనకవైపు ఖాళీగా ఉన్నాయి కదా అని మీ పెదనాన్న వాటిమీద చాలా కాలం పాలలెక్క రాసుకున్నారు. డిగ్రీ చేతికొచ్చేసరికి నాకు సర్వీసు మూడేళ్ళే మిగిలింది.

అప్పట్లో మాకు చెప్పేవాళ్ళు లేరు. ఇప్పుడు యూనివర్సిటీలను అజమాయిషీ చేసే యూజీసీ 2022 నిబంధనల ప్రకారం, రిటైర్మెంట్‌కు మూడేళ్ళలోపు ఉన్న వాళ్ళు కొత్త స్కాలర్లను తీసుకోకూడదు. ప్రొఫెసర్ దగ్గర ఎనిమిది మంది, అసోసియేట్ దగ్గర ఆరుగురు, అసిస్టెంట్ దగ్గర నలుగురు మించి ఉండకూడదు. ఆ గైడుగారికి ఎన్ని ఖాళీలున్నాయో, సర్వీసు ఎన్నేళ్ళుందో మొహమాటపడకుండా అడుగు. పెళ్ళిసంబంధమైతే ఇంతకంటే ఎక్కువే అడుగుతాం.

ఇక డబ్బు సంగతి. నెట్ అనే జాతీయ పరీక్ష బాగా రాసి జేఆర్‌ఎఫ్, అంటే రీసెర్చి ఫెలోషిప్, తెచ్చుకుంటే మొదటి రెండేళ్ళు నెలకు 37,000 రూపాయలు. తర్వాత కమిటీ నీ పని చూసి సరేనంటే దాని పై మెట్టైన ఎస్‌ఆర్‌ఎఫ్ కింద 42,000. మొత్తం ఐదేళ్ళు. హాస్టల్ దొరక్కపోతే పైన హెచ్‌ఆర్‌ఏ, అంటే ఇంటద్దె భత్యం కూడా వస్తుంది. ఆ కాలేజీలో పుస్తకాలకు స్టిక్కర్లు అంటించి, ప్రిన్సిపాల్‌గారి అమ్మాయి ప్రాజెక్టు కూడా టైపు చేసి పెడితే నీకిచ్చేది ఇందులో సగం కూడా లేదు. సెంట్రల్ యూనివర్సిటీల్లో నెట్ లేని స్కాలర్లకు 8,000 ఇస్తారు. అది ఈ ఊళ్ళో పీజీ గది అద్దెకు సరిపోతే గొప్ప.

ఒక్కటి మాత్రం మనసులో పెట్టుకో: ఈ డబ్బు ఒకటో తారీఖున టంచనుగా పడే జీతం కాదు. నువ్వు హాజరవుతున్నావని యూనివర్సిటీవాళ్ళు నెలనెలా ఆన్‌లైన్లో కన్ఫర్మ్ చెయ్యాలి. ఎవరో ఒకరు మర్చిపోతారు, రెండు మూడు నెలలు ఆగి ఒకేసారి పడుతుంది. నాలుగు నెలల ఖర్చు చేతిలో పెట్టుకుని బయల్దేరు. ఆఫీసు క్లర్కుతో మంచిగా ఉండు. గైడు తర్వాత అంతటి మనిషి ఆయనే.

"ముప్ఫై దగ్గరపడుతోంది, జేఆర్‌ఎఫ్ ఎక్కడ పెద్దమ్మా" అన్నావు. 30 అన్నది రిజర్వేషన్ లేని మగపిల్లలకు. ఆడవాళ్ళకు ఐదేళ్ళ సడలింపు ఉంది. అంటే జూన్, డిసెంబర్ నెట్‌లు నీకింకా చాలానే మిగిలాయి. మన సబ్జెక్టు లైబ్రరీ సైన్స్ కోడ్ 59. పేపర్ టూలో వంద ప్రశ్నలు, ఎంఎల్‌ఐఎస్సీలో, అంటే లైబ్రరీ సైన్స్ పీజీలో చదివిన పుస్తకాలు రెండుసార్లు తిరగేస్తే నడిచిపోతుంది. నీలాంటివాళ్ళు బోల్తా పడేది పేపర్ వన్‌లో. యాభై ప్రశ్నలే కదా అని చివరి వారంలో చూస్తారు. రోజూ ఒక గంట ఆ డేటా టేబుళ్ళు, లాజిక్కు మీద కూర్చో. నెగెటివ్ మార్కులు లేవు, ఒక్కటీ ఖాళీగా వదలకు. జేఆర్‌ఎఫ్ తప్పినా, పీహెచ్‌డీ అడ్మిషన్‌కు అర్హత వస్తే ఆ స్కోరు ఏడాదిపాటు పనికొస్తుంది. కానీ దాంతో సీటొస్తుంది గానీ స్టైపెండ్ రాదు. ఆ తేడా అడ్మిషన్ కౌంటర్లో ఎవరూ విడమరిచి చెప్పరు.

బెంగళూరులోనే ఉండాలని అంత పట్టుంటే మైసూరు రోడ్డులోని డీఆర్‌టీసీ సంగతి కూడా చూడు, లైబ్రరీ సైన్స్ పరిశోధన, శిక్షణ కేంద్రం అది. మన దేశంలో లైబ్రరీ సైన్స్‌కు పితామహుడైన రంగనాథన్‌గారు 1962లో పెట్టింది, ఐఎస్‌ఐ (ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్) కింద ఉంటుంది. వాళ్ళ జేఆర్‌ఎఫ్‌కు ఐఎస్‌ఐ తనే పరీక్ష పెట్టి, ఇంటర్వ్యూ చేస్తుంది. అక్కడ వర్గీకరణ, ఆంటాలజీలు, సెమాంటిక్ వెబ్ లాంటివే, అంటే సమాచారాన్ని అర్థాన్నిబట్టి కంప్యూటరుకు అమర్చిపెట్టే విద్యలే ఊపిరి. రంగనాథన్‌గారి ఐదు లైబ్రరీ సూత్రాలు బట్టీపట్టి వెళితే లాభం లేదు. జ్ఞానభారతిలో బెంగళూరు యూనివర్సిటీ డిపార్ట్‌మెంటు ఉంది, నోటిఫికేషన్ కోసం కాచుకుని ఉండాలి.

టాపిక్ గురించి నువ్వు రాసింది చదివి నాకు నవ్వూ వచ్చింది, భయమూ వేసింది. "ఇంజనీరింగ్ విద్యార్థుల్లో ఈ-రిసోర్సుల వినియోగం, అవగాహన." అమ్మాయ్, థీసిస్‌లు పెట్టే వెబ్‌సైటు శోధ్‌గంగ తెరిచి ఆ మాటలు కొట్టి చూడు. జిల్లా పేరు మార్చుకుంటూ ఎంతమంది రాశారో కళ్ళారా చూస్తావు. నా పాలలెక్క థీసిస్ కూడా ఆ బాపతే, అందుకే ధైర్యంగా తిడుతున్నాను. అక్కడే ఇంకో పని చెయ్యి: నువ్వనుకున్న గైడు దగ్గర పూర్తయిన థీసిస్‌లు నాలుగు తీసి, మొదటి పేజీల్లో తారీఖులు చూడు. పిల్లలు ఎన్నేళ్ళకు బయటపడ్డారో తెలిసిపోతుంది.

మరి ఏం రాయాలంటావా? మా కాలేజీలో ఒకసారి ఒక తెలుగు అబ్బాయి కంప్యూటర్లో వెతికి, పుస్తకం లేదనుకుని వెళ్ళిపోతున్నాడు. నాకు తెలుసు, ఉంది. వెళ్ళి షెల్ఫు దగ్గర నిలబడ్డాను. ఒకే రచయితవి పదకొండు పుస్తకాలున్నాయి. కేటలాగ్‌లో మాత్రం ఆయన నలుగురు మనుషులు. ఒకచోట వెంకట, ఒకచోట వేంకట. ఇంగ్లిష్ అక్షరాల్లో ఒక రికార్డులో టి పక్కన హెచ్ ఉంది, ఇంకో దాంట్లో లేదు. ఇంటిపేరు ఒకసారి ముందు, ఒకసారి వెనక. ఎంట్రీ చేసినవాళ్ళ తప్పు కాదు, ఒకరు కన్నడం, ఒకరు తమిళం, మూడోది నేనే. ఇలాంటి పేర్లకు ఒక అథారిటీ ఫైలు, అంటే ఒకే మనిషి పేరు రూపాలన్నిటినీ కలిపే పట్టిక ఎలా కట్టాలి, లైబ్రరీ సాఫ్ట్‌వేర్ కోహాలో ఎలా పని చేయించాలి అన్నది అచ్చంగా నీ ప్రశ్న, లావణ్యా. నీ టేబుల్ మీదే ఉంది. తాళపత్రాల మీద మోజుంటే చెన్నైలో ప్రభుత్వ ప్రాచ్య లిఖిత గ్రంథాలయం ఉంది. తెలుగు ప్రతులు బోలెడు. వాటి వర్ణనల్లోనూ ఇదే పేర్ల గొడవ.

టైటిల్ ఎలా పెట్టాలి, చాప్టర్లు ఎన్ని, అవన్నీ గైడుతో కూర్చున్నాక చూసుకోవచ్చు.

ఈ నెల మాత్రం ఒక పని చెయ్యి. మీ కాలేజీ కోహాలో తెలుగు పుస్తకాలు ఎన్నున్నాయో, రచయితల పేర్లు ఎన్ని రకాలుగా పడ్డాయో ఒక ఎక్సెల్‌లో పెట్టి నాకు పంపు. యాభై వరసలు చాలు. గైడుగారికి "నెట్ రాసి వస్తాను సార్, అప్పటికి ఖాళీ ఉంటే నన్ను గుర్తుపెట్టుకోండి" అని మెయిల్ కొట్టు. రాజీనామా కాగితం చింపెయ్యి. అమ్మతో ఆదివారం నేను మాట్లాడతాను, పెళ్ళి మాట కూడా నేనే సర్దుతాను.

మీ పెద్దమ్మ