కుండీలోని బ్లూ స్ప్రూస్: వేళ్లను కదిలించాల్సిందే

మూడేళ్లుగా ఒకే కుండీలో ఉన్న, సూదుల్లాంటి నీలి ఆకులుండే నడుమెత్తు బ్లూ స్ప్రూస్‌కు అడుగు రంధ్రాల్లోంచి వేళ్లు బయటికి వస్తున్నాయని, దాన్ని వేళ్లు ఏమాత్రం కదలకుండా రెండింతల కుండీలోకి ఎప్పుడు, ఎలా మార్చాలని మీరు అడిగారు. ఇందుకోసం కడుపు వెడల్పుగా, మూతి సన్నంగా ఉన్న అందమైన కుండీ ఒకటి ముందే కొన్నానని కూడా రాశారు. కాలం గురించి, కుండీ గురించి తరువాత చెబుతాను. ముందుగా ఆ ‘కదలకుండా’ అన్న మాటను వదిలిపెట్టండి, ఎందుకంటే నా మొదటి స్ప్రూస్‌ను చంపింది ఆ మాటే.

దాన్ని నర్సరీ నుంచి తెచ్చినప్పుడు మోకాలెత్తు ఉండేది. నల్లటి ప్లాస్టిక్ కుండీలో, విబూది రాసినట్టున్న నీలి రంగుతో నిండుగా కనిపించేది. నాలుగో ఏటికి పోసిన నీరు మట్టిలోకి ఇంకకుండా కుండీ అంచు వెంబడి జారి క్షణాల్లో అడుగు నుంచి బయటికి వచ్చేయసాగింది. కుండీ మార్చాలని నిర్ణయించుకుని నలుగురినీ అడిగితే అందరూ ఒకే సలహా చెప్పారు: ఇలాంటి చెట్లు వేళ్లను తాకితే ఓర్చుకోవు, మట్టిగడ్డ చెదరకుండా ఎత్తి కొత్త కుండీలో దించి చుట్టూ మట్టి నింపితే చాలు. నేను అక్షరాలా అలాగే చేశాను. పసిబిడ్డను ఎత్తుకున్నట్టు ఎత్తి, రెండింతల కుండీలో దించి, చుట్టూ మెత్తని మట్టి పోసి, తృప్తిగా చేతులు కడుక్కున్నాను. వసంతంలో కొమ్మకొమ్మకూ చిగురు వచ్చేసరికి ఇక నాకు తెలియనిది లేదనుకున్నాను. స్ప్రూస్‌లో వసంతాన విచ్చుకునే చిగురు అంతకు ముందు ఏడాదే మొగ్గలో తయారై ఉంటుందని, అది నిరుటి ఆరోగ్యానికే తప్ప ఈనాటి ఆరోగ్యానికి సాక్ష్యం కాదని అప్పటికి నాకు తెలియదు.

నడివేసవిలో నీలి రంగు మందగించి బూడిద రంగుకు తిరిగింది. ఒకనాటి ఉదయం కొమ్మను అరచేత్తో నిమిరితే సూదులాంటి ఆకులు రంపపు పొట్టులా జలజలా రాలాయి. మొదలు పట్టుకుని లాగాను. పెద్దగా బలం పెట్టనక్కరలేకుండానే, మట్టిగడ్డ పాత కుండీ ఆకారంలోనే కొత్త మట్టిలోంచి ఊడి వచ్చింది. అడుగున నర్సరీ కుండీ రంధ్రాల గుర్తులు, పక్కల దాని గాడులు అచ్చు పోసినట్టు అలాగే ఉన్నాయి. పీచువేళ్లు నాలుగైదు తప్ప ఏవీ బయటి మట్టిలోకి పాకలేదు. వంటింటి కత్తితో ఆ గడ్డను నిలువునా కోస్తే లోపల మట్టి వేలికి అంటుకోనంత పొడిగా ఉంది. చుట్టూ పోసిన కొత్త మట్టిని పిడికిట్లో పిండితే మాత్రం నీరు కారింది. వారానికి మూడుసార్లు నేను పోసిన నీరంతా వేళ్లు లేని చోట నిలిచి, వేళ్లు ఉన్న చోటికి చుక్కయినా చేరలేదు. ఇక కాండం మొదట్లో వేలెడు లావున్న వేరు ఒకటి ఉరితాడులా చుట్టూ తిరిగి, బెరడులోకి దిగి గాడి చేసింది. నీరు సరిగా అందినా ఆ చెట్టు మరికొన్నేళ్లకు ఆ వేరు వల్లే చచ్చి ఉండేదని నా నమ్మకం.

కుండీ గోడకు తగిలిన వేరు పక్కకు తిరిగి గోడ వెంట చుట్టుకుపోతుంది, చెక్కలా గట్టిపడిన తరువాత గోడ తీసేసినా తన దారి మార్చుకోదు. బ్లూ స్ప్రూస్ పుట్టిల్లు అమెరికాలోని రాకీ పర్వతాలు. అక్కడ సుమారు 1,800 నుంచి 3,000 మీటర్ల ఎత్తున, ఎక్కువగా వాగుల గట్ల వెంట, చల్లని తడి నేలలో వేళ్లను పక్కలకు బారలు చాపుతూ పెరుగుతుంది. అలాంటి చెట్టును బకెట్టంత కుండీలో పెట్టి, చుట్టలు చుట్టుకున్న వేళ్లను ముట్టుకోకూడదనడం జాలి అనిపించుకోదు. పైగా స్ప్రూస్‌కు ఆకులు రాలిన పాత కొమ్మ మీద మళ్లీ చిగురు రావడం దాదాపు ఉండదు కనుక, తప్పు జరిగిందని మనకు కనిపించేసరికి దిద్దుకునే అవకాశం చాలావరకు పోయి ఉంటుంది.

రెండో చెట్టు విషయంలో పొద్దున్నంతా దానికే కేటాయించాను. ముందు రోజు సాయంత్రం నిండా నీరు పెట్టాను, తడిసిన వేళ్లు విరగకుండా వంగుతాయి. ఈ చెట్టు శాస్త్రనామమైన పైసియా పంజెన్స్‌లో రెండో మాటకు లాటిన్‌లో గుచ్చుకునేదని అర్థం, కాబట్టి దళసరి చేతి తొడుగులు వేసుకుని, కొమ్మలను మెత్తని గుడ్డతో దగ్గరికి కట్టి, కుండీని పక్కకు పడుకోబెట్టి చెట్టును బయటికి జరిపాను. అడుగున చాపలా అల్లుకుపోయిన వేళ్ల పొరను రెండు చేతివేళ్ల మందాన పాత రంపంతో కోసి పారేశాను. కొబ్బరి పీచు చీల్చినట్టు చర్రున చప్పుడైంది, బంక వాసన గుప్పుమంది, గుండె కూడా కాస్త దడదడలాడింది. తరువాత పక్కల నాలుగు చోట్ల పైనుంచి కిందికి అంగుళం లోతున గాట్లు పెట్టి, చుట్టు తిరిగిన వేళ్లను వెదురు పుల్లతో విడదీసి, చక్కగా బయటికి చాచగలిగినవాటిని చాచి, చాచలేనంత లావున్నవాటిని కత్తిరించాను. మొత్తం మీద వేళ్లలో మూడో వంతుకు మించి పోనివ్వలేదు. నడిమి మట్టిని నీటి ధారతో కడిగే పని అసలే పెట్టుకోలేదు. పుట్టగొడుగు వాసన వేసే తెల్లని దారాలు వేళ్ల నడుమ కనిపిస్తే తెగులని కంగారు పడకండి, అవి చాలావరకు వేళ్లతో కలిసి బతుకుతూ వాటికి నీరు, పోషకాలు అందించే శిలీంధ్రాలే.

ఇక్కడ నర్సరీల మీద నాకున్న పాత కోపం ఒకటి చెప్పుకోవాలి. కాండం మొదలు వెడల్పై వేళ్లుగా విడిపోయే చోటు మట్టి పైకి కనిపించాలి. నేను తెచ్చిన ఆ రెండో చెట్టులో అది నాలుగు చేతివేళ్ల లోతున పూడుకుపోయి ఉంది. చిన్న కుండీలోంచి పెద్ద కుండీలోకి మార్చిన ప్రతిసారీ పైన ఇంకాస్త మట్టి కప్పుతూ వస్తే అంతే అవుతుంది. పైమట్టిని గోకి ఆ చోటును బయటపెట్టి, కొత్త కుండీలో దాన్ని మట్టి మట్టానికి సరిగ్గా ఉంచాను.

కుండీ అడుగున గులకరాళ్లు పోయమనేవాళ్లు మీకూ తప్పకుండా తగులుతారు. పోయకండి. సన్నని మట్టిలోని నీరు ఆ మట్టి పూర్తిగా నానితే తప్ప కింది పెద్ద ఖాళీల్లోకి దిగదు కాబట్టి, కుండీ అడుగున ఉండాల్సిన బురద పొర రాళ్ల ఎత్తు మేరకు పైకి, వేళ్ల దగ్గరికి వస్తుంది. గిన్నెలు తోమే స్పాంజిని నీటిలో ముంచి అడ్డంగా పట్టుకోండి. కారడం ఆగాక నిలువుగా తిప్పితే మళ్లీ నీరు కారుతుంది. లోతైన కుండీ ఎందుకు మంచిదో దీన్నిబట్టే తెలిసిపోతుంది. మట్టి విషయానికి వస్తే, బెరడు ముక్కలు ఎక్కువగా, కోకోపీట్ (కొబ్బరి పీచు పొట్టు), పెర్లైట్ (తేలికైన తెల్లని రాతి గుళ్లు) తగుమాత్రంగా కలిపిన గుల్ల మిశ్రమం, కాస్త ఆమ్ల గుణం ఉన్నది చాలు. తోట మట్టి ఒక్కటే నింపితే ఏడాదిలో ఇటుకలా బిగిసిపోతుంది.

కాలం గురించి ఎక్కువ చెప్పేదేమీ లేదు. చలి తగ్గుతూ, మొగ్గల మీది గోధుమరంగు టోపీలు ఇంకా ఊడకముందు మార్చడం ఉత్తమం. లేత చిగుర్లు బయటికి వచ్చాక మాత్రం ముట్టుకోవద్దు. ఆ అదను తప్పితే, వేసవి వేడి తగ్గాక, నేల గడ్డకట్టే చలికి ఇంకా కొన్ని వారాలు ఉండగా మార్చవచ్చు.

మార్చిన తరువాత అడుగు నుంచి కారేదాకా నీరు పోసి, రెండు మూడు వారాలు గాలి, మిట్టమధ్యాహ్నపు ఎండ తగలని చోట ఉంచండి. ఆ పైన వేలు రెండు కణుపుల మేర గుచ్చి చూసి, ఎండినప్పుడే పోయండి. కోసిన వేళ్లు కోలుకునేదాకా ఎరువు వద్దు. ఆకుల రసం పీల్చే నల్లులు పడతాయన్న భయంతో ముందుజాగ్రత్తగా నూనె మందు చల్లమని నాకొకరు చెప్పారు, నేను విన్నాను, ఒక్క పూటలో నా నీలి చెట్టు పచ్చ చెట్టయింది. ఆ నీలిమ ఆకు మీది సన్నని మైనపు పూత, నూనె తగిలితే పోతుంది, మళ్లీ కొత్త ఆకులు వస్తే గాని రంగు రాదు. నల్లులు నిజంగా ఉన్నాయో లేదో తెలియాలంటే తెల్ల కాగితం మీద కొమ్మను తట్టి, రాలిన చుక్కలు కదులుతున్నాయేమో చూడండి.

ఇక మీరు కొన్న కుండీ. రెండింతలు అక్కరలేదు, పాతదాని కంటే అడ్డంగా 5 నుంచి 8 సెంటీమీటర్లు పెద్దదైతే చాలు, ఎందుకంటే వేళ్లు అందుకోలేని మట్టిలో నీరు నిలిచి కుళ్లు మొదలవుతుంది. మైనస్ 40 డిగ్రీల చలిని తట్టుకునే చెట్టే అయినా కుండీలో ఉన్న వేళ్లకు అంత ఓర్పు ఉండదు కాబట్టి గోడలు మందంగా ఉన్నది చూసుకోండి. అన్నిటికంటే ముఖ్యంగా, మూతి సన్నంగా ఉన్న కుండీలో కడుపు నిండా వేళ్లు పెరిగాక, మూడు నాలుగేళ్లకు మళ్లీ మార్చాల్సి వచ్చినప్పుడు కుండీనైనా పగలగొట్టాలి, చెట్టునైనా కోయాలి. దాన్ని తిరిగి తీసుకుంటారేమో అడిగి చూడండి, తీసుకోకపోతే ఏటేటా పీకి కొత్తగా నాటే పూల మొక్కలేవైనా అందులో వేసుకోండి.