దూకినవాడికి ఏం దక్కుతుందో చూసి గేమ్ ఎంచుకో

అమ్మడూ,

ఫ్రెండ్స్‌తో టేబుల్‌టాప్ రోల్‌ప్లేయింగ్ (తలా ఒక పాత్ర తీసుకుని మాటలతో, పాచికలతో కథ నడిపే ఆట) మొదలుపెడతానన్నావు, ఆట నడిపించే జీఎంగా (గేమ్ మాస్టర్) నువ్వే కూర్చుంటానన్నావు, పైగా "మన సినిమాల్లో ఫైట్‌లా ఉండాలి మావయ్యా" అన్నావు. ఏ గేమ్ తీసుకోవాలో ఆ చివరి మాటను బట్టే తేలుతుంది.

అట్ట మీద బొమ్మలు చూడకు, ఆయుధాల పట్టిక ఎంత పొడుగుందో అసలే చూడకు. ఒక్కటే చూడు. మేడ మీంచి తాడు పట్టుకుని ఊగుతూ వచ్చి విలన్ మీదకి దూకుతానని ఒకడు అంటే, ఆ రూల్స్ వాడికి బహుమతి ఇస్తాయా, జరిమానా వేస్తాయా?

డంజన్స్ అండ్ డ్రాగన్స్‌నే తీసుకో. 1974లో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ తెచ్చిన ఈ గేమే అన్నిటికీ పెద్దన్న, ఆడేవాళ్లు తేలిగ్గా దొరికేదీ దీనికే. ఐదో ఎడిషన్ 2014లో వచ్చింది, 2024లో సవరించారు. కానీ అందులో చాలామంది జీఎంలు ఊగడానికి ఒకసారి డీ20 (ఇరవై ముఖాల పాచిక) వెయ్యమంటారు, కొట్టడానికి మళ్లీ వెయ్యమంటారు. ఓడిపోవడానికి రెండు దారులు, నెగ్గితే మాత్రం దక్కేది మామూలు కత్తిదెబ్బే. ఇది అర్థమయ్యాక అందరూ "నేను కొడతా" అని డైస్ వేసేసి ఫోన్ చూసుకుంటారు. పైగా ఫస్ట్ లెవెల్ విజార్డ్ (మాంత్రికుడు) గోబ్లిన్ అనే చిన్న రాక్షసుడి ఒక్క బాణానికే పడిపోవచ్చు, హీరో ఎంట్రీ అలా ఉంటే ఏం బాగుంటుంది! ఇదే ఆడాలని ఫ్రెండ్స్ పట్టుబడితే మూడో లెవెల్ నుంచి మొదలుపెట్టు, సాహసం చేసినవాడికి అడిగించుకోకుండా అడ్వాంటేజ్ ఇచ్చెయ్. రెండు డీ20లు వేసి పెద్ద అంకె తీసుకుంటాడు.

దీనికి దగ్గర చుట్టం 13త్ ఏజ్, 2013 నాటిది. అందులో ఒక చిన్న చిట్కా నాకు మహా ఇష్టం. రెండో రౌండ్ నుంచి టేబుల్ మధ్యలో ఒక డీ6 (ఆరు ముఖాల పాచిక) పెడతారు, రౌండ్‌కి ఒకటి చొప్పున దాని అంకె పెరుగుతుంది, ఆ అంకె హీరోల దాడులకే కలుస్తుంది. మొదట్లో దెబ్బలు తిని చివర్లో హీరో విజృంభించడం ఆ ఒక్క పాచికతోనే వచ్చేస్తుంది. దీన్ని డంజన్స్‌లోకి ఎత్తుకొచ్చి వాడుకున్నా ఎవరూ ఏమీ అనరు.

ఫెంగ్ షుయ్ (1996, రాబిన్ లాస్) అయితే హాంకాంగ్ యాక్షన్ సినిమాల కోసమే పుట్టింది. అక్కడ నిచ్చెన ఉందా అని జీఎంని అడగక్కర్లేదు, వంటింట్లో ఫైట్ అంటే మూకుడు ఉన్నట్టే, అందుకుని కొట్టడమే. రౌడీ మూక టపటపా రాలిపోతుంది. ఒక సాయంత్రానికి ఇంతకంటే సరదా లేదు గానీ నెలల తరబడి నడిపే కథకి నేనైతే దీన్ని తీసుకోను.

ఫేట్ వేరే రకం. మీ పాత్ర గురించి రాసుకున్న ఒక వాక్యం, "ఊరందరికీ అప్పున్న దొంగ" లాంటిది, పనికొచ్చినప్పుడు ఒక పాయింట్ ఖర్చుపెట్టి +2 తీసుకోవచ్చు, అదే వాక్యం కొంప ముంచితే పాయింట్ తిరిగొస్తుంది. బ్రహ్మాండమైన ఆలోచనే. కాకపోతే నోరు విప్పని ఫ్రెండ్స్ ఉంటే ఆట నడవదు.

నీకు నేను చెప్పేది సావేజ్ వరల్డ్స్. షేన్ హెన్స్లీ 2003లో తెచ్చాడు. హీరో తన నైపుణ్యం పాచికతో పాటు ఇంకో డీ6 వేస్తాడు, రెండిట్లో పెద్దది లెక్క, ఏ పాచికైనా గరిష్ఠ అంకె పడితే మళ్లీ వేసి కలుపుకోవాలి, అందుకే అప్పుడప్పుడూ ఎవరూ ఊహించని దెబ్బ పడి టేబుల్ అంతా లేచి అరుస్తుంది. చిల్లర రౌడీ ఒక్క గట్టి దెబ్బకే ఔట్, కాబట్టి హిట్ పాయింట్ల (ఎవడికి ఎంత ప్రాణం మిగిలిందనే లెక్క) కూడికలు తీసివేతలు నీకుండవు. ఎవరి వంతు ముందో పేకముక్కలు తేలుస్తాయి, జోకర్ పడినవాడికి పండగే. ఆట మొదట్లో తలా మూడు బెన్నీలు (అదృష్టపు బిళ్లలనుకో) ఇస్తావు, వాటితో డైస్ మళ్లీ వేసుకోవచ్చు, తగిలిన గాయం తప్పించుకోవచ్చు. బాగా ఆడినవాడికి ఇంకోటి ఇవ్వు. దాచుకునేవాళ్లుంటారు, మిగిలినవి వచ్చేవారానికి పనికిరావని ముందే చెప్పెయ్.

మొదటి రోజు క్యారెక్టర్లు నువ్వే తయారుచేసి పట్టుకెళ్లు, లేకపోతే సాయంత్రమంతా దానికే పోతుంది. బెన్నీలకి రూపాయి బిళ్లలు చాలు, పేకలో జోకర్లు రెండూ ఉన్నాయో లేదో బయల్దేరే ముందే చూసుకో.

మీ మావయ్య