జీఆర్‌ఈ: పదాలు వచ్చినా ఖాళీలు తప్పుతున్నాయంటే

విదేశాల్లో పీజీ కోసం రాసే జీఆర్‌ఈకి పదాల లిస్టంతా బట్టీ పట్టినా, ఖాళీలు పూరించే సెంటెన్స్ ఈక్వివలెన్స్ ప్రశ్నల్లో తప్పులు వస్తున్నాయన్నారు కదా, అది పదాలు రాక కాదు. వాక్యం సగం చదివి ఆప్షన్లలోకి దూకేస్తున్నారు. ఒకే ఖాళీకి, వాక్యానికి ఒకే అర్థం ఇచ్చే రెండు మాటల్ని ఆరింటిలోంచి ఎంచుకోవాలి, ఒక్కటి తప్పినా మార్కు రాదు.

1. ప్రాక్టీసులో ఆప్షన్లను కాగితంతో మూసేయండి.

2. ఆల్దో, డిస్పైట్ లాంటి మలుపు మాట పట్టుకోండి.

3. అందరూ వదిలేసేది ఇదే: ఖాళీలో ముందు మీ సొంత మాట పెట్టండి. తెలుగులో తోచినా సరే, పర్లాకిమిడి వాళ్లు కదా, ఒడియాలో తోచినా సరే. 'ఆయన మితభాషే అయినా, ఉత్తరాలు మాత్రం ____' అని ఉందనుకోండి. 'సాగదీసినట్టుంటాయి' అని ముందే అనుకుంటే వెర్బోస్, ప్రోలిక్స్ రెండూ దొరుకుతాయి. పక్కనే ఎలొక్వెంట్ (చక్కగా చెప్పగల) ఊరిస్తుంది. దానికి ఆప్షన్లలో జత ఉందా చూడండి, లేకపోతే వదిలేయండి.

4. తప్పిన పదాన్ని అర్థంతో కాదు, ఆ వాక్యంతో సహా రాసుకోండి.

మీ పాత పుస్తకంలోని యాంటనిమ్స్ (వ్యతిరేక పదాలు) పేజీలు అక్కర్లేదు, ఆ ప్రశ్నలు 2011లోనే తీసేశారు. ఇంతమాత్రానికి విశాఖలో రూమ్ తీసుకుని కోచింగ్ అంటే నా దృష్టిలో దండగే. జీఆర్‌ఈ పెట్టే ఈటీఎస్ వాళ్ల ఉచిత నమూనా పరీక్ష, పవర్‌ప్రెప్ టెస్టు ఒకటి మాత్రం పరీక్షకు ముందు వారానికి దాచుకోండి.