సీపీఆర్ సాధన వీడియో: మొత్తం వేయకండి, తునకలుగా చూపండి

నమస్కారం మేడమ్. సీపీఆర్ (గుండె ఆగినవారికి ఛాతీ నొక్కి, శ్వాస అందించడం) సాధన చేస్తుండగా తీసిన ఇరవై నిమిషాల సిమ్యులేషన్ వీడియోను మొదటినుంచి చివరిదాకా చూపిస్తున్నా విద్యార్థులు తల దించుకుని కూర్చుంటున్నారే తప్ప తప్పులు దిద్దుకోవడం లేదని మీరు రాశారు. లోపం విద్యార్థులలో లేదని, వీడియో మొత్తం నడిపించడంలోనే ఉందని నా అభిప్రాయం.

రికార్డింగ్ జరుగుతున్నప్పుడే మరో ట్యూటర్ ముఖ్యమైన ఘట్టాల సమయాన్ని కాగితం మీద రాసుకుంటే, తరువాత నిమిషానికి మించని రెండు మూడు తునకలు చూపితే సరిపోతుంది. ఛాతీని నిమిషానికి 100 నుంచి 120 సార్లు నొక్కాలని అందరికీ కంఠతా వచ్చు. కానీ అంబు బ్యాగ్ (చేత్తో నొక్కి శ్వాస అందించే సంచి) కోసం ఛాతీ మీంచి చేతులు తీసిన విద్యార్థిని, మాస్కు సరిగా కుదరక అటూ ఇటూ చూస్తూ ఉండిపోయినప్పుడు నొక్కడం ఆపి 10 సెకన్ల హద్దు దాటిపోయిందని, తెర మూలన కదిలే అంకెలు చూస్తే తప్ప ఆమెకు తెలియదు. వీడియో వేయడానికి ముందే "ఎంతసేపు ఆగారనుకుంటున్నారు?" అని అడిగి, ఆమె అంచనా చెప్పాకే చూపించండి.

కెమెరాను మంచం పక్కన భుజాల ఎత్తులో పెడితే మోచేతులు వంగుతున్నాయో లేదో కనిపిస్తుంది. నొక్కే లోతును మాత్రం వీడియోతో తేల్చలేము, దానికి సాధన బొమ్మ అయిన మానికిన్‌లోని సూచికే ఆధారం.

తల దించుకోవడం విషయానికొస్తే, రికార్డింగ్‌కు ముందే అనుమతి తీసుకుని, దానిని మార్కులకు వాడబోమని, చర్చ ముగిశాక తొలగిస్తామని స్పష్టంగా చెప్పండి. ఎవరి ఫోన్‌లోనూ రికార్డు చేయనివ్వకండి.