అబ్‌స్ట్రాక్ట్‌లో ముందు రాయాల్సింది ఫలితం

ప్రశ్న: ఎమ్మెస్సీ జువాలజీ రెండో సంవత్సరం. డిగ్రీ దాకా తెలుగు మీడియమే. మిర్చి తోటల్లో నీలం, పసుపు జిగురు అట్టలు పెట్టి తామర పురుగుల మీద ప్రాజెక్టు చేశాను. జర్నల్‌కు రీసెర్చ్ పేపర్ పంపుదామంటే దాని సారాంశమైన అబ్‌స్ట్రాక్ట్ దగ్గరే ఆగిపోయాను. గైడ్ రెండుసార్లు ‘ఇందులో ఏమీ లేదు’ అని తిప్పి పంపారు. స్పోకెన్ ఇంగ్లిష్ కోర్సులో చేరమంటారా?
– ఒక విద్యార్థిని, గుంటూరు

జవాబు: ఆ కోర్సు ఈ పనికి అక్కరకు రాదమ్మా. మీరు పంపిన అబ్‌స్ట్రాక్ట్‌లో వ్యాకరణం తప్పులు ఐదారే. అవి దిద్దడానికి పది నిమిషాలు చాలు. అసలు లోటు వేరే ఉంది. 212 మాటల్లో ఒక్క అంకె లేదు. ‘నౌ ఎ డేస్ చిల్లీ ఈజ్ ప్లేయింగ్ ఎ వైటల్ రోల్’ అంటూ మొదటి నాలుగు వాక్యాలు మిర్చి గొప్పదనానికే పోయాయి. చివర ‘రిజల్ట్స్ ఆర్ డిస్కస్డ్’ అని ముగించారు. ఏ రిజల్టో చెప్పలేదు. డబ్బు కడితేగానీ తెరుచుకోని పేపర్లు చాలా ఉంటాయి. అలాంటి చోట చదివేవాళ్ల చేతికందేది అబ్‌స్ట్రాక్టే.

కాబట్టి పేపర్ పక్కన పెట్టి, మీకేం తేలిందో ముందు తెలుగులో ఒక్క ముక్కలో రాసుకోండి: ‘నీలం అట్టకు వారానికి సగటున ఇన్ని పురుగులు పడ్డాయి, పసుపు అట్టకు ఇన్ని.’ దాన్ని ఇంగ్లిష్‌లో పెట్టాక వెనక్కి నడవండి. అది తేలడానికి ఏం చేశారు? ఎందుకు చేశారు? అచ్చులో ఫలితం నాలుగో భాగంలోనే ఉంటుంది, రాయడం మాత్రం అక్కడ మొదలవ్వాలి.

చాలా జర్నళ్ల హద్దు 250 మాటలు. మీరు పంపే జర్నల్ ఆథర్ గైడ్‌లైన్స్‌లో చూసుకోండి. నేపథ్యానికి 40, ఉద్దేశానికి 25, పద్ధతికి 60, ఫలితాలకు 95, ముగింపుకు 30 మాటలు పెట్టుకుంటే సరిపోతుంది. నేపథ్యంలో మిర్చి చరిత్ర వద్దు. 2021లో మన గుంటూరు తోటల్లో మిర్చి పూలమీద నల్ల తామర పురుగు, అంటే థ్రిప్స్ పార్విస్పైనస్, బయటపడింది. ఆ ఒక్క వాక్యం, మీరు చదివిన పేపర్లలో కనబడిన ఖాళీ గురించి ఇంకొక వాక్యం చాలు.

తెలుగు మీడియం పిల్లలు ఎక్కువగా తడబడేది పద్ధతి దగ్గర. మనం ‘అట్టలు పెట్టి, వారానికోసారి తెచ్చి, పురుగులు లెక్కపెట్టి, పోల్చి చూశాం’ అంటాం. తెలుగులో అది హాయిగా సాగుతుంది. అదే వరసలో ‘ఆఫ్టర్ ప్లేసింగ్, బ్రింగింగ్, కౌంటింగ్’ అని రాస్తే వాక్యం యాభై మాటలవుతుంది, ఎవరు ఏం చేశారో తెలియదు. ‘పెట్టి’, ‘తెచ్చి’ వచ్చిన ప్రతిచోటా తెంపి ఫుల్‌స్టాప్ పెట్టండి: ‘బ్లూ అండ్ ఎల్లో ట్రాప్స్ వర్ ప్లేస్డ్ ఇన్ సిక్స్ ఫీల్డ్స్. ది ట్రాప్స్ వర్ రీప్లేస్డ్ ఎవ్రీ సెవెన్ డేస్.’ పొడి వాక్యాలే, కానీ ఎవరికైనా అర్థమవుతాయి. పద్ధతి, ఫలితాలు భూతకాలంలో, ముగింపు వర్తమానంలో ఉండాలి. ‘వి ఆర్ అబ్జర్వింగ్’ ఎక్కడ కనబడినా కొట్టేయండి.

ఫలితంలో సగటు ఒక్కటే ఇవ్వకూడదు. ఉదాహరణకు నీలం అట్టకు 42 ± 3, పసుపుకు 18 ± 2 అనుకుందాం. ఆ ± స్టాండర్డ్ ఎర్రరో (సగటు ఎంత అటూఇటూ కావచ్చో), స్టాండర్డ్ డీవియేషనో (విడి లెక్కలు సగటు నుంచి ఎంత చెదిరాయో) చెప్పాలి. పి విలువ, అంటే నిజంగా తేడా లేకున్నా ఇంత తేడా కనబడే సంభావ్యత, రాయాలి. స్టాటిస్టికల్ టెస్టు చేయకుండా ‘సిగ్నిఫికెంట్’ అనే మాట వాడితే రివ్యూయర్ మొదట పట్టుకునేది దాన్నే. ముగింపులోనూ చేసినంతే చెప్పండి. ఒక్క సీజన్, ఆరు తోటల లెక్కతో ‘అన్ని తోటలకూ నీలం అట్టలే మేలు’ అనలేం.

ఊళ్ల పేర్ల దగ్గర ఒక చిక్కుంది. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడిపోయాయి కదా. మీ తోటల్లో సత్తెనపల్లి వైపువి ఉంటే అవిప్పుడు పల్నాడు జిల్లా. పాత మ్యాపు చూసి గుంటూరు జిల్లా అని రాయకండి. పక్కన ఆంధ్రప్రదేశ్, ఇండియా అని చేర్చండి, చదివేవాళ్లు బ్రెజిల్‌లో ఉండొచ్చు.

పురుగు శాస్త్రీయ నామం ఇటాలిక్స్‌లో, ప్రజాతి (జీనస్) పేరు మొదటి అక్షరం పెద్దది, రెండో పేరు మొత్తం చిన్నక్షరాల్లో ఉండాలి. రిఫరెన్సులు, టేబుల్ నంబర్లు అబ్‌స్ట్రాక్ట్‌లోకి రాకూడదు. కీవర్డ్స్ నాలుగు నుంచి ఆరు. టైటిల్‌లో ఉన్న మాటలే మళ్లీ ఇస్తే వెతికేవాళ్లకు కొత్త దారి దొరకదు.

గ్రామర్ సాఫ్ట్‌వేర్, చాట్‌జీపీటీ వాడితే భాష దిద్దడం వరకే వాడండి. వాడినట్టు చెప్పాలనే జర్నళ్లు ఉన్నాయి, ఆ నిబంధన చూసుకోండి. వాక్యం నున్నగా చేసే క్రమంలో అవి అంకెలు, యూనిట్లు మార్చేస్తుంటాయి, టెస్టు చేయని చోట ‘సిగ్నిఫికెంట్’ చేర్చేస్తుంటాయి. పంపే ముందు అబ్‌స్ట్రాక్ట్‌ను ప్రింట్ తీసి, ప్రతి అంకె మీదా వేలు పెట్టి, మీ టేబుల్‌తో సరిచూసుకోండి.