బుల్లెట్ సరే, ఆ ఒక్క మాట సంగతేంది సార్?

ప్రశ్న: నాకు 62 ఏండ్లు. హన్మకొండలో ఉంటాం. నిరుడు సర్కారు బడి టీచరుగా రిటైరయ్యాను. ములుగు వైపు ఊళ్లల్లో పనిచేసినప్పుడు పద్నాలుగేండ్లు బుల్లెట్ మీదే తిరిగాను. 2003లో బిడ్డ చదువు కోసం అమ్మేశాను. ఇప్పుడు మళ్లీ కొనాలని ఉంది. ‘ఈ వయసుల నీకీ సోకేంది’ అని నా భార్య మాట్లాడుడే బంద్ పెట్టింది. హైదరాబాద్‌లో ఉన్న కొడుకు ఫోన్‌లో అరుస్తున్నాడు. పదకొండేండ్ల కింద ఆమె తమ్ముడు పరకాల రోడ్డు మీద రాత్రిపూట వడ్ల కుప్ప మీదికెక్కి, బండి జారి చనిపోయాడు. అదో కారణం కావొచ్చు. ఇంట్లో చెప్పకుండా షోరూంలో అడ్వాన్సు కట్టాను. బండి తెచ్చి వాకిట్లో పెడితే ఆమే సర్దుకుంటుంది కదా?

జవాబు: సర్దుకోదు సార్. పైన అచ్చువేసింది మీ ఉత్తరంలో కొంతే. మొత్తం మూడు పేజీల్లో రెండున్నర బుల్లెట్ చప్పుడుకూ, జంగాలపల్లి దాటాక తగిలే చల్లగాలికీ పోయాయి. బామ్మర్ది చావుకు దక్కింది రెండు మూడు ముక్కలు. వాటిలో ఒకదాని చివర ‘కావొచ్చు’.

ఆమె వయసు మాట ఎత్తింది కాబట్టి మీరూ వయసు మీదే వాదిస్తున్నారు. బీపీ లేదు, మోకాళ్లు బాగున్నాయి అని రాశారు. ఆమె అడిగింది మీ మోకాళ్ల గురించి కాదేమో. ఆ రాత్రి ఫోన్ ఎవరు ఎత్తారు, దవాఖానకు ఎవరు పోయారు, తల్లికి ఎవరు చెప్పారు? ఇవేవీ మీ ఉత్తరంలో లేవు. పదకొండేండ్లలో ఒక్కసారైనా అడిగారా? ఒకరోజు బండి ఊసు తేకుండా అడగండి. ఆమె చెప్పేటప్పుడు మధ్యలో ‘నేను మెల్లగ పోత’ అని మాత్రం అనకండి. తమ్ముడూ అదే చెప్పి ఉంటాడు.

అట్లని బండి వద్దనను. ముప్పై ఏండ్లకు పైగా బడి గంటకు లేచి కూర్చున్న మనిషి, తన పైసలతో తనకు నచ్చింది కొనుక్కుంటానంటే దాన్ని సోకు అనడం నాకూ నచ్చలేదు. మీ కొడుకు అరవడం అసలే నచ్చలేదు.

కానీ మీకు తెలిసిన బుల్లెట్ వేరు, ఇప్పుడు షోరూంలో ఉన్నది వేరు. మీ పాత బండికి గేరు కుడికాలి కింద, బ్రేకు ఎడమకాలి కింద. మొదటి గేరు పైకి, మిగతావి కిందికి. ఇప్పుడంతా తిరగబడింది. మామూలుగా పోయేటప్పుడు గుర్తుంటుంది. ఎదురుగా బర్రె వచ్చినప్పుడు మాత్రం కాలు పాత అలవాటుకే పోతుంది. బ్రేకనుకొని గేరు తొక్కుతారు. అందుకే కొన్ని వారాలు తెల్లవారగానే ఖాళీ మైదానంలో కాలికి కొత్త పాఠం చెప్పండి, ఒకటో తరగతి పిల్లకు చెప్పినట్టు. బరువు కూడా సుమారు 195 కిలోలు. ఇంత బరువు బండి పరుగులో ఉన్నప్పటికన్నా ఆపినప్పుడు, తిప్పినప్పుడే ఎక్కువ పడేస్తుంది. డబ్బంతా కట్టేముందు తెలిసినవాళ్ల బండిని స్టాండు తీసి, నాలుగడుగులు వెనక్కి నెట్టి చూడండి. కష్టమనిపిస్తే తేలికపాటి బండి తీసుకోండి, చప్పుడు తగ్గినా సరే.

లైసెన్సు కార్డు తీసి చూడండి. 55 దాటాక అయిదేండ్లకోసారి రెన్యువల్ చేయించాలి, దానికి డాక్టరు సర్టిఫికెట్ కావాలి. గడువు దాటి ఏడాది మించితే మళ్లీ టెస్టు తప్పదు. కారు నడుపుతున్నాను కదా అంటారేమో, కార్డు మీద గేరున్న మోటార్‌సైకిల్ కూడా ఉందో లేదో చూసుకోండి.

ఇక వడ్లు. వానకాలం పంట కోతలప్పుడు, మళ్లీ యాసంగి కోతలప్పుడు మన రోడ్ల మీద సగం దూరం వడ్లు ఎండుతుంటాయి, చుట్టూ రాళ్లు. కల్లాలు లేని రైతు ఎక్కడ పోస్తాడు, ఆయన్ను తిట్టి లాభం లేదు. కానీ పొద్దుగూకితే ఆ రాళ్లూ కనిపించవు, కప్పిన నల్ల పట్టాలూ కనిపించవు. కొత్త బండికి ఏబీఎస్ ఉంటుంది, గట్టిగా బ్రేకు కొట్టినా చక్రం బిగుసుకోకుండా చూసేది, మంచిదే. గింజల మీద టైరుకు పట్టే దొరకనప్పుడు అది కూడా పెద్దగా చేసేదేమీ లేదు. కోతల నెలల్లో చీకటి పడకముందే ఇంట్లో ఉంటానని ఆమెకు మాటివ్వండి. మీ బామ్మర్ది హెల్మెట్ ఆ రోజు ట్యాంకు మీదే ఉందని రాశారు. మీరు గల్లీ చివరి దుకాణానికి పోయినా నెత్తిన పెట్టుకొని, బెల్టు బిగించుకొని పోవాలి. ఆమె గేటు దగ్గర నిలబడి చూస్తుంది.

వెనక సీటు మీద ఆమె కూర్చుంటుందని, ఇద్దరూ రామప్పకు పోవచ్చని ఆశపడ్డారు. ఆమె ఎప్పటికీ ఎక్కకపోవచ్చు. రామప్పకు ఆమెతో కారులో పోండి, బండి మీద ఒక్కరే పోండి.

అడ్వాన్సు రశీదు ఏ పుస్తకంలో దాచారో గానీ, ఆమెకు దొరికే లోపు మీరే తీసి చేతిలో పెట్టండి. బండి డెలివరీ తేదీ ఆమెతో మాట్లాడాకే ఖాయం చేసుకోండి. షోరూం వాళ్లు తొందరపెడితే రెండు నెలలు ఆగమని చెప్పండి. ఇరవై ఏండ్లకు పైగా ఆగినవాళ్లు మీరు.